శనివారంతో పాటు సాయంత్రం సంగతీ తేల్చండి

సంపాదకులు గారికి నమస్కారం.

బ్యాంకులకు వారానికి అయిదు రోజుల పని ఇవ్వాలా వద్దా అన్న చర్చ పేపర్లలో, టీవీల్లో, మా బ్రాంచి క్యూలో కూడా నడుస్తోంది. నేను గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచి మేనేజరుని. క్లర్కుగా చేరి, పరీక్ష రాసి ఆఫీసరునయ్యాను. ఈ చర్చ అంతా శనివారం చుట్టూనే తిరుగుతోందనీ, మా ఇళ్లను అసలు దెబ్బ తీస్తున్న విషయం మాత్రం ఎవరి నోటా రావడం లేదనీ అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మిర్చి సీజన్లో ఒక పెద్దాయన యార్డులో సరుకు అమ్మిన డబ్బు జమ అయిందో లేదో చూసుకోవడానికి వచ్చారు. క్యూలో ఎవరో స్ట్రైకు మాట ఎత్తితే ఆయన నావైపు తిరిగి అన్నారు: "అమ్మా, మీకు ఆదివారం ఉంది, రెండు శనివారాలున్నాయి, పండగలున్నాయి. మా మిరపచేలో ఏ రోజు సెలవు?" అడిగింది న్యాయమైన ప్రశ్న. కూలి మానుకుని, ఆటో ఎక్కి వచ్చిన మనిషికి మూసిన షట్టరు కనిపిస్తే ఆ రోజు పోయినట్టే. మళ్లీ రావాలంటే ఇంకో రోజు కూలి పోతుంది. అప్పుడు జనం ఎక్కువగా ఉండటంతో ఆయనతో కూర్చుని మాట్లాడలేకపోయాను. చెప్పాలనుకున్నది ఇప్పుడు మీ పత్రిక ద్వారా చెబుతున్నాను.

ముందు శనివారం సంగతి. 2015 సెప్టెంబరు 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు మాకు సెలవు. మిగిలిన శనివారాలు పూర్తి పనిదినాలు. 2024 మార్చి 8న యూనియన్లకూ బ్యాంకుల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందంలో అన్ని శనివారాలూ సెలవు ఇవ్వడానికి ఇరుపక్షాలూ సుముఖత తెలిపి, కేంద్రం అనుమతికి వదిలారు. దానికి బదులుగా మిగతా అయిదు రోజులూ రోజుకి 40 నిమిషాలు అదనంగా పనిచేయడానికి ఉద్యోగులు ఒప్పుకున్నారు. ఈ సంగతి క్యూలో నిలబడినవాళ్లలో చాలామందికి తెలియదు. ఎల్ఐసీలో 2021 మే నెల నుంచే అయిదు రోజుల పని అమలవుతోంది. కాబట్టి మా యూనియన్లు అడుగుతున్నది గొంతెమ్మ కోరికేమీ కాదు.

అయినా నా అభిప్రాయం కొంచెం వేరు. మా సంఘం నాయకులకు నచ్చకపోయినా చెబుతాను. పల్లెటూరి బ్రాంచి వారానికి ఆరు రోజులూ తెరిచి ఉంచండి. మమ్మల్ని వంతులవారీగా రప్పించండి, నాకు అభ్యంతరం లేదు. కానీ పని ఎన్నింటికి మొదలవుతుందో, ఎన్నింటికి ముగుస్తుందో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ముగింపు నిజంగా ముగింపు కావాలి. అది లేకుండా నాలుగు శనివారాలూ సెలవిచ్చినా, ఆ శనివారం ఫోను పట్టుకునే కూర్చుంటాం. ఇప్పుడు ఆదివారం చేస్తున్నది అదే కదా.

బయటివాళ్లకు బ్యాంకంటే పది నుంచి నాలుగు దాకా తెరిచి ఉండే కౌంటరు. లోపల రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున్న బస్సులో ఉండగానే రీజినల్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అడుగుతారు, ఈరోజు ఎన్ని ఖాతాలు తెరుస్తారు, ఎంత బంగారం లోను ఇస్తారు, ఎన్ని బీమా పాలసీలు చేస్తారు అని. అంకె వేయాలి. పదింటికి షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద జనం ఉంటారు. పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకునేవాళ్లు, డ్వాక్రా గ్రూపు తీర్మానం పుస్తకం పట్టుకొచ్చిన ఆడవాళ్లు, పంట రుణం రెన్యువల్‌కి పాస్‌బుక్కూ అడంగలూ తెచ్చిన రైతులు, కౌలు కార్డు తెచ్చి లోను ఎందుకివ్వరని నిలదీసే కౌలు రైతులు, ఆధార్‌లో పేరు ఒకలా, ఖాతాలో ఒకలా ఉండి గ్యాస్ సబ్సిడీ ఆగిపోయిన ముసలమ్మలు. బంగారం లోనుకి వచ్చినవాళ్లను నగల నాణ్యత చూసే అప్రైజరు దగ్గర కూర్చోబెట్టి, తూకం దగ్గర ఒక ఆఫీసరు కళ్లప్పగించి ఉండాలి. ఒక్క గొలుసు గ్రాముల్లో తేడా వస్తే ఆ బాధ్యత మాదే.

నెలాఖరు హడావిడి వేరు. గ్రామ సచివాలయాల సిబ్బంది పింఛన్ల డబ్బు తీసుకోవడానికి వస్తారు. ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటింటికీ అందాల్సిన డబ్బు అది. ఒకటో తారీఖు ఆదివారమైతే ఇంకా ముందే ఇవ్వాలి. అంత నగదు కావాలంటే బ్రాంచిలకు డబ్బు పంపే కరెన్సీ చెస్టుకి ముందే ఇండెంటు పెట్టాలి, బండి వచ్చేదాకా ఎదురుచూడాలి, వచ్చాక కట్టలు లెక్కపెట్టాలి. ఆ రోజు నా హెడ్ క్యాషియరు మధ్యాహ్నం అన్నం తిన్నదా అని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఈ పని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నాలుగు వేల పింఛను అవ్వ చేతికి టైముకి అందడంలో మా చెయ్యి కూడా ఉందంటే సంతోషంగానే ఉంటుంది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ మొదలైనప్పటి నుంచి దేశంలో 50 కోట్లకు పైగా ఖాతాలు తెరిచాం. అంతకుముందు బ్యాంకు గడప తొక్కనివాళ్లు తొక్కారు. మంచిదే. కానీ క్లర్కు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటోంది. పెరిగిన పనిని తగ్గిన చేతులతో చేస్తున్నామని మాత్రం జనానికి తెలియాలి.

సాయంత్రం క్యాష్ టాలీ అయ్యాక స్ట్రాంగ్ రూము మూయడానికి రెండు తాళాలు కావాలి. ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర, ఇంకోటి ఆఫీసరు దగ్గర ఉంటుంది. రెండూ ఒకరి దగ్గరే ఉండకూడదని నియమం. మంచి నియమమే. ఒకరి పని ఆలస్యమైతే రెండోవారూ ఆగాలి, అంతే. తాళాలు పడేసరికి అయిదున్నర, ఆరు అవుతుంది. ఇక్కడితో రోజు ముగిస్తే నేను ఈ ఉత్తరం రాయకపోదును.

అక్కడి నుంచి రెండో డ్యూటీ మొదలవుతుంది. ఆరున్నరకో ఏడింటికో వీడియో కాన్ఫరెన్సు. పొద్దున్న ఇచ్చిన అంకె ఎందుకు తప్పింది అని అందరి ముందూ ప్రశ్న. పాలసీలు చేయని బ్రాంచిల పేర్లు ఎర్ర రంగులో వేసి గ్రూపులో పెడతారు. మా వీధిలో పిల్లలు ట్యూషన్ల నుంచి ఇంటికి వచ్చేవేళ నేను ఖాళీ బ్రాంచిలో ల్యాప్‌టాప్ ముందు మ్యూట్‌లో కూర్చుని నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుంటాను. ఇంటికొచ్చి అన్నం వడ్డించుకునే వేళకి మళ్లీ మెసేజీ, రేపటి అంచనా పంపమని. రాత్రి తొమ్మిదీ నలభైకి, పదిన్నరకి కూడా వస్తాయి. వెంటనే జవాబివ్వకపోతే "నోట్ చేసుకున్నారా" అని ఇంకోటి. ఆదివారం బకాయిల రికవరీ క్యాంపనో, పాలసీల లాగిన్ డే అనో ఏదో ఒకటి. పై అధికారులు మనుషులుగా చెడ్డవాళ్లని నేను అనను. వాళ్ల పైవాళ్లు వాళ్లనీ ఇలాగే అడుగుతున్నారు. మా రీజినల్ ఆఫీసులో పనిచేసే ఒకాయన తన కూతురి పుట్టినరోజు కేకు కోసేటప్పుడు కూడా కాన్ఫరెన్సులోనే ఉన్నారు. వెనకనుంచి పాట వినబడి మాకు తెలిసింది.

"జీతం తీసుకుంటున్నారు కదా" అని మీ పాఠకులు అనొచ్చు. నిజమే, జీతం బాగానే ఉంది, ఉద్యోగ భద్రత ఉంది. ఈ జిల్లాలో స్పిన్నింగ్ మిల్లులో, కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఆడవాళ్లకు అదీ లేదని తెలుసు. కానీ ఒక చిత్రమైన విషయం ఉంది. క్లర్కుకి రోజుకి ఇన్ని గంటలని ఒప్పందంలో రాసి ఉంటుంది, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. ఆఫీసరుకి ఆ లెక్క లేదు. ఎన్నింటికి వెళ్లాలో ఏ కాగితమూ చెప్పదు. గంటలు రాయనిచోట ఇరవైనాలుగు గంటలూ పనివేళలే అవుతున్నాయి.

పని ఆగిపోతుంది, వసూళ్లు పడిపోతాయి, అందుకే రాత్రి కూడా అడగాలి అనేవాళ్లకు నా దగ్గర ఒక గట్టి రుజువు ఉంది. అది రిజర్వు బ్యాంకే ఇచ్చింది. 2021 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. కీలకమైన పోస్టుల్లో ఉన్న బ్యాంకు ఉద్యోగి ఏడాదికోసారి, ఒకే విడతగా, కనీసం పది పనిదినాలు తప్పనిసరిగా సెలవులో ఉండాలి. ముందుగా చెప్పరు. ఒక పొద్దున్న ఫోను వస్తుంది, తాళాలు అప్పగించి వెళ్లమంటారు. ఆ రోజుల్లో ఆఫీసు మెయిలు తప్ప పనికి సంబంధించిన ఏ కాగితాన్నీ, ఏ కంప్యూటరునీ ముట్టుకోకూడదు. మనిషి సీటులో లేనప్పుడు అతను దాచిపెట్టిన మోసం ఏదైనా ఉంటే బయటపడాలన్నది దాని ఉద్దేశం. మేం దాన్ని మాండేటరీ లీవు అంటాం. మా బ్యాంకు జాబితాలో బ్రాంచి మేనేజరు పోస్టు కూడా ఉంది.

నాకు ఆ ఫోను ఒక జూలైలో వచ్చింది. నా తర్వాతి ఆఫీసరు ఇన్‌చార్జిగా కూర్చున్నారు. నేను ఇంటికి వెళ్లిపోయాను. మొదటి రెండు రోజులు చెయ్యి ఊరికే ఫోను దగ్గరికి వెళ్లేది. తర్వాత మానేసింది. రేపల్లె దగ్గర మా ఊళ్లో ఉంటున్న అమ్మకి కంట్లో శుక్లాలు ముదిరిపోయాయి. మార్చి అవనీ అని, జూన్ క్లోజింగ్ అవనీ అని ఆపరేషన్ వాయిదా పడుతూ వచ్చింది. ఆ సెలవులో గుంటూరు తీసుకొచ్చి చేయించాం. కట్టు విప్పాక మా అబ్బాయి ముఖం దగ్గరగా పట్టుకుని "వీడికి మీసాలు ఎప్పుడొచ్చాయే?" అంది. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. వాడికి కాలేజీలో ఫిజిక్సు ఏమీ ఎక్కడం లేదని, అడగడానికి సిగ్గుపడుతున్నాడని ఆ సెలవులోనే నాకు తెలిసింది. వాడు అది చెప్పింది ఒక మధ్యాహ్నం నేను తీరిగ్గా పప్పు రుబ్బుకుంటున్నప్పుడు. పిల్లలు అలాంటివి మనం ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. మనం తీరిగ్గా కనిపించినప్పుడు వాళ్లంతట వాళ్లే చెబుతారు. మా ఆయన గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల మాస్టారు. వాడికి సాయంత్రాలు కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు.

సెలవు అయ్యి బ్రాంచికి వెళ్లి చూస్తే ఏం మునిగింది? పింఛన్ల డబ్బు వెళ్లింది. రెన్యువళ్లు జరిగాయి. బంగారం లోన్లు ఇచ్చారు. ఇన్‌చార్జి కుర్రాడికి అనుభవం వచ్చింది. నాతో మాత్రమే అవుతాయనుకున్న పనులు కొన్ని వేరేవాళ్లతోనూ అవుతాయని బ్యాంకుకి తెలిసింది. మోసం పట్టుకోవడం కోసం మేనేజరుని పది పనిదినాలు పూర్తిగా పనికి దూరంగా ఉంచగలిగిన బ్యాంకింగ్ వ్యవస్థ, అదే మేనేజరుని సాయంత్రం ఏడు నుంచి పొద్దున్న తొమ్మిది దాకా వదిలిపెట్టలేదంటే నేను నమ్మను. చేయాలనుకుంటే చేయగలరు. ఆ సర్క్యులరే సాక్ష్యం.

ఇప్పుడు ఆ పెద్దాయన లాంటి ఖాతాదారులకు చెప్పాల్సిన మాట. మా సాయంత్రాలు బాగుపడితే మీకు ఏమిటి అంటారా? చాలా ఉంది. రాత్రి పదింటికి బీమా పాలసీల అంకె ఇచ్చిన మేనేజరు పొద్దున్న లోనుకి వచ్చిన మనిషిలో ఎవరిని చూస్తాడు? పాలసీ కట్టగలిగే మనిషిని చూస్తాడు. "ఈ పాలసీ తీసుకుంటే లోను త్వరగా అవుతుంది" అన్న మాట అలా పుడుతుంది. రెండేళ్ల తర్వాత ప్రీమియం కట్టలేక పాలసీ ఆగిపోతే పోయేది రైతు డబ్బు. బ్యాంకులు ఇలా బీమా అంటగట్టడం వల్ల అప్పు తీసుకునేవాడి మీద భారం పెరుగుతోందని 2024 నవంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే బ్యాంకర్ల సభలో అన్నారు. అంటగట్టడం ఎక్కడ మొదలవుతోందో వెతికితే, చాలాసార్లు అది రాత్రి సమీక్షల దగ్గరే దొరుకుతుంది. అలిసిపోయిన కన్ను తూకం తప్పు చూస్తుంది, ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొడుతుంది. ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడితే దాన్ని వెనక్కి రప్పించడానికి ఆ ఖాతాదారుడు ఎన్నిసార్లు తిరగాలో మీ పాఠకుల్లో అనుభవించినవాళ్లకు తెలుసు.

ఆరోగ్యం సంగతి వేరే చెప్పాలా. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ఇచ్చాయి. అతి పనిగంటల వల్ల 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచమంతా 7 లక్షల 45 వేల మంది పక్షవాతంతో, గుండెజబ్బుతో చనిపోయారు. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు దాటినవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చావు ముప్పు 17 శాతం ఎక్కువ. మా బ్యాచ్‌లో ప్రమోషన్ తీసుకున్నవాళ్లం కలిస్తే ఇప్పుడు మాట్లాడుకునేది బీపీ మాత్రల గురించే. వయసు వల్ల అని సరిపెట్టుకోలేను, మాలో యాభై దాటినవాళ్లు తక్కువ.

పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు మాత్రం వేరే మాట చెబుతున్నారు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 గంటలన్నారు, ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారు అని కూడా అడిగారు. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం కంటే ముందు బాధ వేసింది. ఆ ఇంట్లో ఆమె కూడా ఉద్యోగం చేస్తుండొచ్చన్న ఊహే ఆ ప్రశ్నలో లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దాని మీద రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. బ్రాంచిలో రాత్రి ఏడున్నర దాకా కూర్చున్న మేనేజరు ఆడమనిషైతే, ఆ 289 నిమిషాల్లో ఆమె వాటా ఎక్కడికీ పోదు, ఇంటికెళ్లేదాకా ఆమె కోసం ఆగి ఉంటుంది. నా హెడ్ క్యాషియరు అమ్మాయికి మూడేళ్ల పాప. పాపని చూసే అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆ అమ్మాయి ప్రమోషన్ పరీక్ష రాయనంటోంది. తెలివైనది, పుస్తకాలన్నీ చదివింది. "ఆఫీసరైతే ఇంటికి వెళ్లే టైము ఉండదు కదా మేడం" అంటోంది. ఇలాంటి అమ్మాయిలు ఆగిపోతే నష్టం వాళ్లదొక్కటేనా?

రాష్ట్రాల చట్టాలు కూడా పనిగంటలు పెంచే దారే పట్టాయి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే సవరణకు ఒప్పుకుంది. మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా అనుమతిస్తూ జీవో ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు ఉంది కదా అంటారు, నిజమే. కానీ హద్దు కాగితం మీద ఉన్న ఫ్యాక్టరీ కార్మికుడికే రోజు పొడవు పెరిగితే, ఏ హద్దూ రాయని మా లాంటివాళ్లకి, ఐటీ పిల్లలకి, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లకి అడ్డేముంటుంది?

మా బ్రాంచిలో ఉన్న ఇన్‌చార్జి కుర్రాడు బీహార్ వాడు. ఇలాంటి పిల్లలు ఇప్పుడు ప్రతి బ్రాంచిలో ఉన్నారు, ఒడిశా నుంచి, కేరళ నుంచి కూడా. తెలుగు నేర్చుకుంటూ, మెస్సులో తింటూ, అద్దె గదిలో ఉంటూ పనిచేస్తున్నారు. వాళ్ల ఊరికి రైల్లో వెళ్లాలంటే ఒక రోజు దాటుతుంది. ఒక్క ఆదివారంలో వెళ్లి రాలేరు. పోయిన ఏడాది ఛఠ్ పండగకి ఆ అబ్బాయి ముందుగానే సెలవు పెట్టుకున్నాడు, టికెట్టు కూడా బుక్ చేసుకున్నాడు. అంతలో ఏదో క్యాంపెయిన్ వచ్చి సెలవు రద్దయింది. వాళ్లమ్మ వీడియో కాల్‌లో నదిలో నిలబడి అర్ఘ్యం ఇస్తుంటే ఇక్కడ మా లంచ్ గదిలో చూశాడు. నేను సెలవు ఇవ్వమని పైకి రాశాను, అవలేదు. పాతికేళ్ల పిల్లాడు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారట, "ఎక్కడ పోస్టింగో, ఎప్పుడు ఇంటికొస్తాడో తెలియని అబ్బాయి" అని అమ్మాయి తరఫువాళ్లు వెనకాడుతున్నారట. వీళ్ల గురించి ఏ యూనియన్ కరపత్రంలోనూ చదవలేదు నేను.

వేరే దేశాలు దీనికి చట్టమే చేశాయి. ఫ్రాన్సులో 2017 నుంచి 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలు పనివేళల తర్వాత ఫోన్లు, మెయిళ్ల విషయం ఉద్యోగులతో చర్చించి తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, పనివేళ దాటాక వచ్చే పిలుపుకి సహేతుకమైన కారణం లేనప్పుడు జవాబివ్వకుండా ఉండే హక్కు ఇచ్చారు. మన లోక్‌సభలోనూ ఎంపీ సుప్రియా సూలే గారు 2018లో ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు కూడా ఉన్నాయి, వాటి కోసమే అడుగుతున్నాను.

నా చేతిలో ఉన్నంతవరకు నేను చేసింది ఇదీ. మా బ్రాంచి గ్రూపులో సాయంత్రం ఏడు దాటాక నేను ఏమీ పెట్టను, ఎవరినీ పెట్టనివ్వను. ఏటీఎం తలుపు తెరుచుకుందనో, అలారం మోగిందనో, ఎవరి కార్డు నుంచో డబ్బు కొట్టేశారనో అయితే ఫోను చేయాలి, మెసేజీ కాదు. అలాంటి ఫోను ఏ రాత్రి వచ్చినా ఎత్తుతాం, అది మా బాధ్యత. పైనుంచి వచ్చిన అంచనాల అడుగుడు నా దగ్గర ఆగుతుంది, పొద్దున్నే స్టాఫుకి చెబుతాను. మధ్యాహ్నం నాలుగు తర్వాత కొత్త నగదు పని పెట్టుకోకుండా చూసి, తాళాలు త్వరగా పడేలా చేస్తున్నాం. నెలాఖరున కుదరదు, మిగతా రోజుల్లో చాలావరకు కుదురుతోంది. మా బ్రాంచి వసూళ్లు దీనివల్ల తగ్గలేదు. డ్వాక్రా గ్రూపుల బకాయిలు మునుపటిలాగే సక్రమంగా వస్తున్నాయి. పొద్దున్న స్థిమితంగా ఉన్న ఆఫీసరు ఊళ్లోకి వెళ్లి నలుగురితో మాట్లాడితే వచ్చే వసూలు, రాత్రి మెసేజీకి భయపడి ఇచ్చిన అంకె వల్ల రాదు.

పైవాళ్లను అడిగేది ఎక్కువేమీ కాదు. సమీక్షలు పగలు పెట్టండి, పొద్దున్న తొమ్మిదిన్నరకి అయినా సరే వస్తాం. ఆదివారం పిలిస్తే ఆ వారంలోనే ఇంకో రోజు సెలవు ఇవ్వండి, అది రికార్డులో ఉండాలి. ఆఫీసరుకి కూడా పనివేళలు సర్వీసు నియమాల్లో రాయండి. మంజూరైన సెలవుని క్యాంపెయిన్ పేరు చెప్పి రద్దు చేయకండి. ఖాళీ కుర్చీల్లో మనుషుల్ని వేయండి, తెలుగు వచ్చినవాళ్లను వేస్తే రైతులకీ మేలు. మొదటి రెండింటికీ ఒక్క రూపాయి ఖర్చు లేదు, పార్లమెంటు అక్కర్లేదు. మూడు నెలలకోసారి జరిగే రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమావేశంలో రుణ లక్ష్యాల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. ఆ లక్ష్యాలు చేరుస్తున్న మనుషుల పనివేళల గురించి కూడా ఒక అంశం ఎజెండాలో పెట్టమని మీ పత్రిక అడిగితే, మా లాంటివాళ్లు అడిగినదానికన్నా బరువుంటుంది.

మీ విలేకరులను ఒక సాయంత్రం ఏడింటికి ఏ మండల కేంద్రంలోనైనా బ్యాంకు వీధికి పంపండి. షట్టరు సగం దించి లోపల లైట్లు వెలుగుతుంటాయి. లోపలివాళ్లతోనూ మాట్లాడించండి, పొద్దున్న క్యూలో నిలబడినవాళ్లతోనూ మాట్లాడించండి, రెండూ పక్కపక్కన వేయండి. మిరపచేలో సెలవు లేదన్న పెద్దాయన కూడా అది చదవాలని నా కోరిక.

సర్వీసు నియమాల వల్ల పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక బ్యాంకు బ్రాంచి మేనేజరు,
గుంటూరు జిల్లా